ఎండుటాకులే మొక్కలకి ఏసీ!

యూట్యూబ్‌లో ‘మల్చింగ్’ అని కొట్టి చూడండి. ముందు వచ్చే వీడియోల్లో చాలావరకు వెండిరంగు ప్లాస్టిక్ షీట్లే మెరుస్తుంటాయి. పుచ్చ తోటల్లో, మిర్చి తోటల్లో పొడవాటి మట్టి కట్టల మీద ఆ షీట్ పరిచి, చిల్లులు పెట్టి మొక్కలు నాటుతుంటారు. అది చూసి ‘ఇదేదో ఎకరాల్లో సాగుచేసేవాళ్ల వ్యవహారం, మన పెరట్లో రెండు మడులకి ఎందుకులే’ అనుకుంటాం. నిజానికి మల్చింగ్ అంటే షీట్ కాదు. నేలని దేనితోనైనా కప్పి ఉంచడం, అంతే. ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఆఖరికి చెరుకురసం బండి దగ్గర పారేసే పిప్పి... ఏదైనా సరే. ప్రకృతి సాగు చేసేవాళ్లు దీన్ని ‘ఆచ్ఛాదన’ అంటారు. పేరు కాస్త బరువుగా ఉంది గానీ పని మాత్రం చాలా తేలిక.

నేను దీని జోలికి వెళ్లింది సరదాకి కాదు, నీళ్ల కోసం.

హైదరాబాద్‌లో మేం అద్దెకుండే ఇల్లు నాలుగు వాటాలది. వెనకవైపు గోడ పక్కన పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పున రెండు మడులు వేసుకున్నాను. రెండింట్లోనూ వంగ, బెండ, మధ్యలో నాలుగేసి మిరప మొక్కలు. మార్చి చివరికి బోరు అడుగంటింది. ట్యాంకర్ తెప్పించుకుని ఖర్చు నాలుగు వాటాలూ పంచుకోవడం మొదలుపెట్టాం. ఏప్రిల్‌లో ఒకరోజు నేను మొక్కలకి బకెట్లు మోస్తుంటే పైనుంచి ఓనర్ ఆంటీ చూసింది. పొద్దున మూడు, సాయంత్రం మూడు. లెక్క ఆవిడకి బాగానే తెలుసు.

“బిడ్డా, అందరం పైసలిచ్చి నీళ్లు కొంటున్నం. నువ్వు చూస్తే మట్టికి పోస్తున్నవు. వానలు వడేదాకా బంద్ పెట్టు, లేకుంటే మొక్కలు పీకెయ్” అంది.

కోపం రాలేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. 15 లీటర్ల బకెట్లు ఆరంటే రోజుకి 90 లీటర్లు. మూడో వాటాలో నెలల పిల్లాడున్నాడు, వాళ్లకి నీళ్ల అవసరం నా వంకాయలకంటే ఎక్కువ. కానీ పూత మీదున్న మొక్కల్ని పీకడానికి చేతులు రావాలి కదా. “రోజుకి మూడు బకెట్లే పోస్తానాంటీ, అదీ పొద్దున ఒక్కపూటే. మే పదిహేనుకి కూడా మీకు ఎక్కువనిపిస్తే నేనే తీసేస్తాను” అన్నాను. ఆవిడ సరేనంది.

ఇక మిగతా మూడు బకెట్ల నీళ్లు ఎక్కడినుంచి తేవాలి? మట్టిలోంచి ఆవిరైపోతున్న వాటిని ఆపాలి.

పొగైపోతున్న సరుకు

ఆకులకి హైదరాబాద్‌లో కొదవేముంది! చలికాలం వెళ్తూవెళ్తూ ఉండగానే బాదం, రావి ఆకులు రాలుస్తాయి. వెనకే వేప. ఆ తర్వాత కానుగ. మా వీధంతా కానుగ చెట్లే. వేసవి మొదట్లో వారంపది రోజులు రోడ్డు కనపడదు. ఆ ఆకులన్నీ ఏమవుతాయి? మీ కాలనీలో ఏమవుతున్నాయో, మా దగ్గరా అదే. పొద్దున్నే మూలకి ఊడ్చి, అగ్గిపుల్ల గీసి పడేయడం. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే వీధుల్లో చెత్త తగలబెట్టకూడదని స్పష్టంగా ఉంది. అయినా పొగ మాత్రం వస్తూనే ఉంది.

వీధి ఊడ్చే అక్కని అడిగితే అసలు విషయం తెలిసింది. “ఏడు కొట్టేసరికి రోడ్డు సాఫ్ ఉండాలె. లేకుంటే ఫొటో తీసి పైకి పంపుతరు. చెత్తబండోళ్లు ఆకులు ఎక్కించుకోరు, జాగా సరిపోదంటరు. గిన్ని ఆకులు నేను యాడికి మొయ్యాలె?” అంది. పొగ పీలిస్తే ముందు దగ్గొచ్చేది ఆమెకే. తగలబెట్టేవాళ్లని సోషల్ మీడియాలో తిట్టే ముందు ఈ లెక్క కూడా చూడాలి. “నాకివ్వక్కా” అంటే, “సంచులియ్యి, నింపి గేటు కాడ పెడ్త” అంది. నా దగ్గర నాలుగు ఖాళీ బియ్యం బస్తాలున్నాయి. నాలుగూ మర్నాటికే నిండాయి.

బస్తాల్లో ప్లాస్టిక్ కవర్లు, గుట్కా ప్యాకెట్లు, ఓ పిల్లాడి చెప్పు కూడా వచ్చాయి. అవి ఏరాక మిగిలిన ఆకు ఒక మడికే సరిపోయింది. దాంతో అనుకోకుండానే ఒక ప్రయోగం తయారైంది. కప్పిన మడి ఒకటి, కప్పని మడి ఒకటి. రెండింటికీ నీళ్లు ఒకటే, బకెట్టున్నర చొప్పున.

గన్ థర్మామీటర్ ‘హై’ అంది

కోవిడ్ టైమ్‌లో కొన్న నుదుటి థర్మామీటర్ మీ ఇంట్లోనూ ఏ సొరుగులోనో పడి ఉంటుంది. మధ్యాహ్నం రెండున్నరకి దాన్ని కప్పని మడి మీద పెట్టాను. ‘హై’ అని చూపించి ఎర్రలైటు వెలిగించింది. అంటే దాని కొలతకి అందనంత వేడి. పక్క మడిలో ఆకులు పక్కకి జరిపి, కింద మట్టికి పెడితే 35 దగ్గర ఆగింది. మనుషుల జ్వరం చూసే పరికరంతో మట్టి వేడి కొలవడం సైన్సేం కాదు, ఒప్పుకుంటాను. కానీ అరచేయి ఆనించినా తేడా తెలిసిపోతోంది. ఒక దగ్గర చెయ్యి చురుక్కుమంటోంది, రెండోచోట చల్లగా, తడిగా తగులుతోంది.

మన ఎండలకి గాలిలో వేడి 42 డిగ్రీలుంటే, ఏ నీడా లేని నేల పైపొర 50 దాటిపోగలదు. ఆ వేడిలో పైపైన పాకే పిల్లవేళ్లు మాడిపోతాయి. వానపాములు కిందికి దిగిపోతాయి. మట్టిని మట్టిగా ఉంచే సూక్ష్మజీవులు చాలావరకు పని ఆపేస్తాయి. మనమేమో మొక్క వాడిందని మళ్లీ బకెట్ ఎత్తుతాం.

నీళ్లు ఎలా పోతాయో తెలియాలంటే దీపం వత్తిని గుర్తుచేసుకోండి. కింద నూనె ఉంటే వత్తి పైకి లాగుతూనే ఉంటుంది కదా. తడిసిన మట్టి కూడా అంతే. పైన ఎండకి ఆరినకొద్దీ కిందున్న తడి సన్నటి సందుల్లోంచి పైకి పాకుతుంది, అదీ ఆవిరైపోతుంది. పైన ఆకులు పరిస్తే ఎండ నేరుగా తగలదు, వేడిగాలి మట్టిని రాసుకుంటూ పోదు. పైకొచ్చిన తేమ ఆకుల కిందే చిక్కుకుంటుంది. కాబట్టి మొక్క తాగాల్సిన నీళ్లు మొక్కే తాగుతుంది. గడ్డి, పిచ్చిమొక్కల గొడవా తగ్గుతుంది. వాటి విత్తనాలు చాలావరకు వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. కొన్ని మొలిచినా, మూడంగుళాల ఆకు దాటి పైకి రావడానికి వాటి ఓపిక సరిపోదు.

పది రోజులకి తేడా ఎవరు చూసినా తెలిసేలా ఉంది. కప్పని మడిలో బెండ మొక్కలు మూడింటికల్లా తలలు వేలాడేసి, చీకటి పడ్డాక గానీ లేచేవి కావు. మట్టి నెర్రెలిచ్చింది. కప్పిన మడిలోనూ ఎర్రటెండలో ఆకులు కొంచెం వాలేవి గానీ ఐదున్నరకి మళ్లీ నిటారుగా ఉండేవి. రెండో విడత బస్తాలు రాగానే రెండో మడి కూడా కప్పేశాను.

మే పదిహేనున ఆంటీ మేడ దిగి వచ్చింది. ఆకుల కింద వేలు పెట్టి చూసింది. “నిన్న పొద్దుగాల పోసిన నీళ్లేనా?” అని రెండుసార్లు అడిగింది. రోజుకి ఆరు బకెట్లు మూడయ్యాయి కదా, నెలకి 1,350 లీటర్లు మిగిలినట్టు. ఐదువేల లీటర్ల ట్యాంకర్‌లో పావు వంతుకి పైనే! ఎకరాల లెక్క కాదు, రెండే రెండు మడుల లెక్క ఇది. మొక్కలు పీకే మాట మళ్లీ రాలేదు.

తాతయ్య కొబ్బరి డొక్కలు

ఫోన్లో ఈ గొప్పలన్నీ చెబితే కోనసీమలో ఉన్న మా తాతయ్య పెద్దగా ఆశ్చర్యపోలేదు. కొబ్బరి తోటల్లో చెట్టు పాదు చుట్టూ మట్టలు, డొక్కలు పరవడం అక్కడ ఎప్పుడూ ఉన్నదే. డొక్క అంటే కాయ ఒలిచాక మిగిలే పీచు తొక్క. స్పాంజిలా నీళ్లు పట్టుకుని, మెల్లగా వదులుతుంది. “బోర్లించి పెట్టమ్మా. ఎల్లకిలా పెట్టేవనుకో, వానకి నీళ్లు నిలిచి దోమలు పడతాయి” అన్నాడు. నేను చూసిన వీడియోలు వేటిలోనూ ఈ ముక్క చెప్పలేదు. బోండాల బండి దగ్గర చిప్పలు తెచ్చుకునేవాళ్లు తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది.

ఈ పాత పద్ధతినే పట్టుకుని ప్రపంచానికి పాఠం చెప్పినాయన జపాన్‌లోని మసనోబు ఫుకుఓకా. వరి కోశాక గడ్డిని తిరిగి అదే పొలంలో పరిచేవాడు. దున్నేవాడు కాదు. 1988లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మన దేశంలో సుభాష్ పాలేకర్ తన సాగు పద్ధతికి మూలస్తంభాలుగా చెప్పే నాలుగింటిలో ఆచ్ఛాదన ఒకటి. ఆయనకి 2016లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సాగు కార్యక్రమం మొదలుపెట్టింది.

అందులో నాకు బాగా నచ్చింది అనంతపురం లాంటి కరువు నేలల్లో చేస్తున్న పని. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా అది. అక్కడ రైతులు తొలకరికి ముందే, పొడి నేలలోనే, రకరకాల విత్తనాలకి మట్టి, ఘనజీవామృతం పట్టించి చల్లుతారు. పైన వేరుశనగ పొట్టో, కంది కట్టె చెత్తో కప్పుతారు. చిన్న జల్లు పడినా, రాత్రిపూట మంచు కురిసినా ఆ కాస్త తడీ కప్పు కింద నిలిచి గింజ మొలవడానికి పనికొస్తుంది. ఏడాది పొడవునా నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉండాలన్నది వాళ్ల లెక్క. ఇంకోపక్క, వరి కోతమిషన్ వెళ్లగానే గడ్డికి నిప్పు పెట్టే పొలాలూ మన రెండు రాష్ట్రాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. మా వీధిలో పొగ, ఆ పొలాల్లో పొగ... రెండూ ఒకటే సరుకు.

ప్లాస్టిక్ షీట్ సంగతి కూడా చెప్పేస్తాను. అది పనికిరానిదని నేననను. కలుపు ఆపుతుంది, నీళ్లు ఆదా చేస్తుంది, పెద్ద కమతంలో కూలీ ఖర్చు తగ్గిస్తుంది. కానీ అది మట్టికి తిండి పెట్టదు. ఎండకి పెళుసెక్కి చిరిగి, ముక్కలు ముక్కలుగా నేలలో కలిసిపోతుంది. ఆకు కూడా కలిసిపోతుంది గానీ ఎరువుగా మారి కలుస్తుంది. మన పెరడుకీ మేడ మీద కుండీలకీ షీట్ కొనాల్సిన అవసరం ఏమీ లేదని నా అభిప్రాయం.

ఏది, ఎంత, ఎలా?

ముందు మడిని బాగా తడపండి. పొడి మట్టి మీద కప్పేస్తే ఆ పొడినే కాపాడినట్టవుతుంది. కలుపు పీకేసి, ఆకు రెండు మూడంగుళాల మందాన పరవండి. నలిపి వేస్తే గాలికి తక్కువ ఎగురుతుంది. పైన కాస్త నీళ్లు చిలకరిస్తే సర్దుకుంటుంది. మొక్క కాండానికి మాత్రం ఆనించకూడదు. చుట్టూ రెండు మూడు అంగుళాలు ఖాళీ వదలండి. తడి ఆకు ఎప్పుడూ కాండాన్ని అంటుకుని ఉంటే మొదలు కుళ్లుతుంది. తోటకూర, మెంతి లాంటి సన్న విత్తనాలు చల్లిన మడిని అప్పుడే కప్పకండి. మొలకలు నాలుగు వేళ్ల ఎత్తు వచ్చాక సందుల్లో పలచగా వేయాలి.

ఎండుటాకు తర్వాత నా ఓటు వరిగడ్డికి. ఇందులో పడిపోయిన గింజలు మొలుస్తాయి, పీకేస్తే సరి. వేరుశనగ పొట్టు దొరికితే అదృష్టమే. ఊక తేలిక, గాలికీ వానకీ కొట్టుకుపోతుంది, గడ్డి కింద అయితే పర్వాలేదు. లాన్ కత్తిరించిన పచ్చిగడ్డిని గుట్టగా పోస్తే లోపల వేడెక్కి, కుళ్లి, భరించలేని వాసన వస్తుంది. ఒకరోజు ఎండబెట్టి పలచగా వేయండి. ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు కూడా టేపు, స్టిక్కర్లు పీకేసి, తడిపి ఆకుల కింద పరవొచ్చు. గరిక లాంటి మొండిగడ్డి ఉన్నచోట ఇది బాగా పనిచేస్తుంది.

చెరుకు పిప్పి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎండాకాలంలో ప్రతి సెంటర్లో రసం బండి ఉంటుంది, పక్కనే పిప్పి గుట్ట ఉంటుంది. సంచి పట్టుకెళ్లి అడిగితే మా దగ్గరి బండాయన సంతోషంగా ఇచ్చేశాడు, పారబోసే పని తప్పింది కదా. కానీ తెచ్చిన వెంటనే మడిలో వేయొద్దు. తీపికి చీమలు, ఈగలు ముసురుతాయి. మేడ మీద రెండు మూడు రోజులు కరకరలాడేలా ఎండబెట్టి, ముక్కలుగా తుంచి వేయండి. కుండీలకి ఇంతకంటే నీటైన కప్పు నాకు దొరకలేదు.

రంపపు పొట్టుతో మాత్రం జాగ్రత్త. దాన్ని మట్టిలో కలిపారంటే మొక్కలు పసుపెక్కుతాయి. కారణమేంటంటే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి నత్రజని కావాలి. పొట్టులో అది దాదాపు ఉండదు కాబట్టి పక్కనున్న మట్టిలోంచి లాక్కుంటాయి. మొక్కకి అందాల్సింది వాటి పాలవుతుంది. కలపకుండా పైన పలచగా పరిస్తే ఈ సమస్య అంతగా ఉండదు. ఎండుటాకూ గడ్డీ విషయంలోనూ సూత్రం ఒకటే... పైన పరవాలి, కలపకూడదు. కుళ్లి నల్లగా అయ్యాక వానపాములే కిందికి లాక్కుంటాయి.

తేళ్లు రావా? చెదలు పట్టవా?

ఇది ఆంటీ అడిగిన మొదటి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మూడంగుళాల పొర వేరు, గోడవారన నెలల తరబడి పడున్న గుట్ట వేరు. తేళ్లు, పాములు ఎక్కువగా చేరేది గుట్టల్లో, ఇటుకల సందుల్లో. అందుకని మిగిలిన ఆకు కింద పోయకుండా బస్తాల్లోనే కట్టి ఉంచుతాను. మడిలో చెయ్యి పెట్టేముందు కర్రతో ఆకుల్ని కదిలిస్తాను. చెప్పుల్లేకుండా అడుగు పెట్టను. చెదలు ముందుగా తినేది ఎండుటాకునే, ఏపుగా ఉన్న మొక్క జోలికి సాధారణంగా రావు. కానీ చెక్క తలుపులు, ద్వారబంధాల దగ్గరదాకా ఆకు పరవడం మంచిది కాదు. మా మడి గుమ్మానికి దూరంగా ఉంది కాబట్టి సరిపోయింది.

అసలు చిక్కు వానాకాలంలో వస్తుంది. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ కనబడకపోతే ఆకుల కింద నత్తలు చేరతాయి. అప్పుడు పొరని పలచన చేసి, రాత్రి టార్చ్ వేసుకుని ఏరేయాల్సిందే. చేతికి ఓ కవర్ తొడుక్కోండి. జూన్‌లో నాకు బోలెడు దొరికాయి, ఆ లెక్క ఇక్కడ చెప్పను.

కానీ వానల్లోనే ఇంకో లాభం చూశాను. తొలకరికి గట్టి వాన కొట్టినప్పుడు పక్కింటివాళ్ల కప్పని మడిలో మట్టి చింది టమాటా మొక్కల కింది ఆకులన్నీ బురదమయం అయ్యాయి. మట్టిలో ఉండే కొన్ని తెగుళ్లు ఆకులకెక్కేది ఈ చిందులతోనే. మన ఎర్రనేలలకి ఇంకో జబ్బుంది. వాన చినుకు దెబ్బకి పైపొర మెదిగిపోయి, ఆరాక అట్టలా గట్టిపడుతుంది. తర్వాతి వాన లోపలికి ఇంకకుండా పైనుంచే జారిపోతుంది. మా మడిలో చినుకులు ఆకుల మీద పడి మెల్లగా కిందికి దిగాయి. వంగ ఆకులకి బురద మరకే లేదు.

ఏప్రిల్‌లో వేసిన మూడంగుళాల ఆకు సెప్టెంబర్‌కి అరంగుళమైంది. కింద మట్టి నల్లగా, వేలితో తవ్వగలిగేంత గుల్లగా మారింది. మళ్లీ వేయాలి, ఇది ఒక్కసారితో తేలే పని కాదు. చలికాలం పంటకి గడ్డితో సర్దుకున్నాను. ఆకు కోసం మళ్లీ ఫిబ్రవరి దాకా ఆగాల్సిందే. ఈసారి పోటీ కూడా ఉంది. పై వాటా అంకుల్ మేడ మీద కుండీలు పెట్టాడు, ఆంటీ తన కరివేపాకు చెట్టు పాదుకి రెండు బస్తాలు కావాలని ముందే చెప్పింది. ఊడ్చే అక్కని అడిగితే ఒకటే మాట అంది: “ఆకులు ఎన్నంటే అన్ని. సంచులు మాత్రం మీరే తెచ్చుకోవాలె.”